క్యాంపర్ ఫోర్‌వీల్: 40 స్పీడులో కింద గరగర, రెండు నెలలుగా దొరకట్లేదు

చింతపల్లి_కాఫీ
బొలెరో క్యాంపర్ పికప్, ఫోర్‌వీల్ (లివరు వేస్తే నాలుగు చక్రాలూ లాగేది), 2011 మోడల్, 1,86,000 తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లు. తోట నుంచి కాఫీ పళ్లు, మిరియాలు దించడానికీ, వానాకాలం బురదలో పైకెక్కడానికీ మాకు ఇదే దిక్కు.

తారు రోడ్డు మీద 35 దాటగానే కాళ్ల కింద నుంచి గర్ర్‌మని మొదలవుద్ది. రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు ఉంటది. 45 దాకా అదే పాట. 50 దాటాక తగ్గుద్ది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆగుద్ది, కాలు తేలిగ్గా పెడితే మళ్లీ వస్తది.

ఇప్పటిదాకా మార్చినవి: వెనక జాయింట్ షాఫ్టు (గేర్‌బాక్సు వైపు నుంచి చక్రాల వైపు తిప్పుడు తీసుకెళ్లే పొడవాటి గొట్టం) క్రాసులు (షాఫ్టు వంగి తిరగడానికి చివర్లో ఉండే కీళ్లు) రెండు, సెంటర్ బేరింగు, గేర్‌బాక్సు కింద రబ్బరు మౌంటింగు. 18,000 వదిలింది. ముగ్గురు మెకానిక్కులు, ముగ్గురూ "ఇదే సార్, గ్యారంటీ" అన్నోళ్లే. నవంబరులో పళ్ల కోత మొదలైతే బండి ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. ఈలోగా తేలాలి.

అంబాసిడర్_అల్లుడు
ముందు జాకీ రాడ్డు తీసి ఇంట్లో పెట్టి నడుపు. నవ్వకండి. మా మావయ్య కారులో ఆర్నెల్లు సస్పెన్షన్ అనుకున్న చప్పుడు చివరికి డిక్కీలో వీల్ స్పానరు.

చింతపల్లి_కాఫీ
అది మొదటి రోజే అయిపోయింది. జాకీ, రాడ్డు, టూల్ సంచి, ఆఖరికి మా ఆవిడ డ్యాష్ బోర్డు మీద అంటించిన వినాయకుణ్ణి కూడా దించేశా.

అంబాసిడర్_అల్లుడు
వినాయకుణ్ణి దించాక మొదలైందా, దించకముందే ఉందా? అది ముందు తేల్చుకో.

కొండరోడ్డు_లక్ష్మి
సైలెన్సర్ మీద రేకు. నావి రెండు గూడ్స్ బళ్లు ఎస్.కోట, అరకు మధ్య తిరుగుతాయి, రెండిట్లోనూ ఇదే జరిగింది. వేడికి రేకు బోల్టు దగ్గర తుప్పు పట్టి ఊడిపోతాది, ఒక స్పీడు దగ్గరే గరగర కొడతాది. బండి చల్లగా ఉన్నప్పుడు కింద దూరి పైపుని పిడికిలితో గుద్ది సూడు. మోగితే ఒక హోస్ క్లిప్పు వేసి బిగించెయ్. అంతకి మించి ఏటీ లేదు.

చింతపల్లి_కాఫీ
గుద్దానక్కా. పైపు మొదలు నుంచి చివరి దాకా. చెయ్యి నొప్పే గానీ చప్పుడు రాలేదు.

వరంగల్_వీరు
క్లచ్ ప్లేట్ల స్ప్రింగులు లూజైనయి గావచ్చు. నా బండిల గిట్లనే అయింది. తేలిగ్గ తొక్కితే సప్పుడు, గట్టిగ తొక్కితే బంద్. అచ్చం నువ్వు చెప్పినట్టే. న్యూట్రల్ల నిలబెట్టి క్లచ్ తొక్కి చూడు. తొక్కంగనే బందైతే గేర్‌బాక్సు దిక్కే.

చింతపల్లి_కాఫీ
క్లచ్ సెట్టు మొత్తం కొత్తది, జూలైలోనే వేయించా. నిలబెట్టి ఉంటే అసలు చప్పుడే లేదు, తొక్కినా వదిలినా.

నల్లమల_నాని
అమ్మేసి కొత్తది కొనుక్కో బ్రో

కొండరోడ్డు_లక్ష్మి
@నల్లమల_నాని డబ్బులు నువ్విస్తావేటి?

లెక్కల_మాస్టారు
పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఆటోమొబైల్ పాఠం చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఇక్కడ అందరూ సామాన్ల పేర్లు చెబుతున్నారు. సామాను మార్చే ముందు చప్పుడు దేనితో పాటు తిరుగుతోందో చూడాలి. ఇంజినుతోనా, షాఫ్టుతోనా, చక్రంతోనా?

లెక్క వేద్దాం. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకో. 40 స్పీడంటే సెకనుకు 11 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 5 చుట్లు. క్రౌన్ పినియన్ (షాఫ్టు తిప్పుడుని యాక్సిల్‌కి ఇచ్చే పళ్ల చక్రాలు) నిష్పత్తి 4 అనుకుంటే జాయింట్ షాఫ్టు సెకనుకు 20 చుట్లు, నిమిషానికి 1200. చక్రంలో లోపమైతే సెకనుకు ఐదు సార్లు, చెవితో లెక్కపెట్టగలిగేలా దడ్ దడ్ అనాలి. నువ్వు చెప్పే గర్ర్ అనేది షాఫ్టు వేగంలోనో ఇంజిను వేగంలోనో ఉంటుంది.

ఆ రెండింటినీ విడదీయడం తేలిక. ఒకే 40లో మూడో గేరులో నడుపు, తర్వాత నాలుగో గేరులో నడుపు. ఇంజిను చుట్లు మారతాయి, షాఫ్టు చుట్లు మారవు. చప్పుడు మారకపోతే క్లచ్చూ ఇంజినూ తప్పుకున్నట్టే. తర్వాత 45కి తెచ్చి న్యూట్రల్ చేసి వదిలెయ్. అప్పుడూ చప్పుడుంటే గేర్‌బాక్సు దాటాక ఉన్న సామాను.

ఇంకొకటి. గట్టిగా తొక్కితే ఆగుద్ది అన్నావు. నిజంగా ఆగిందా, ఇంజిను మోతలో మునిగిందా?

కొండరోడ్డు_లక్ష్మి
మాస్టారూ, న్యూట్రల్ ఘాట్లో వద్దని కూడా రాయండి. ఇతనిది చింతపల్లి. లంబసింగి దిగువకి న్యూట్రల్ చేశాడంటే చప్పుడు సంగతి దేవుడెరుగు, బండే దొరకదు.

లెక్కల_మాస్టారు
నిజమే, రాయాల్సింది. చదునైన రోడ్డు మీద, వెనక బండి లేనప్పుడు మాత్రమే.

జీప్‌పిచ్చోడు_540
న్యూట్రల్ మేటర్ సరే గానీ, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫోర్‌వీల్ వేస్తే చప్పుడు ఉంటదా, పోద్దా?

చింతపల్లి_కాఫీ
@జీప్‌పిచ్చోడు_540 ఫోర్‌వీల్ వేసేది బురదలో, పది పదిహేను స్పీడులో. ఆ స్పీడులో ఎలాగూ చప్పుడు రాదు. 40లో వేసి చూడలేదు. రేపు చూస్తా.

జీప్‌పిచ్చోడు_540
తారు మీద వెయ్యకు రోయ్! పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ అది, ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేరే వేరే వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, వెనకవి తక్కువ. తారు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడి కూర్చుంటది. లివరు కూడా బయటికి రాదు. మట్టి రోడ్డు చూసుకో, తిన్నగా ఉండాలి.

టైరు_మీద_తారు
అనుభవం. కొత్తగా కొన్నప్పుడు కాలనీలో ఫోర్‌వీల్ వేసి మా పిల్లలకి చూపించా. లివరు ఇరుక్కుపోయింది. రివర్సులో నాలుగు అడుగులు వెనక్కి పోతే గానీ ఊడలేదు. పిల్లలు ఇంకా మర్చిపోలేదు.

చింతపల్లి_కాఫీ
మూడు పరీక్షలూ అయ్యాయి. మా పెద్దోడు పక్క సీట్లో ఫోను కింద పట్టుకుని రికార్డు చేశాడు.

మూడో గేరు, నాలుగో గేరు: చప్పుడులో తేడా ఏమీ లేదు.

న్యూట్రల్: ఉంది! ఇంజిను మోత తగ్గేసరికి ఇంకా బాగా వినపడింది.

గట్టిగా తొక్కితే ఆగేది అబద్ధం. ఫోనులో విన్నాక తెలిసింది, చప్పుడు అలాగే ఉంది, పైన ఇంజిను మోత కప్పేసింది. రెండు నెలలుగా మూడు షెడ్లలోనూ ఇదే తప్పు చెప్పుకుంటూ తిరిగా.

ఫోర్‌వీల్: తోట వెనక మట్టి రోడ్డు అర కిలోమీటరు తిన్నగా ఉంటది. టూ వీల్‌లో 40, గరగర ఉంది. ఆగి, ఫోర్‌వీల్ వేసి మళ్లీ 40. లేదు. ఒట్టు, లేదు. రెండుసార్లు చేశా.

జీప్‌పిచ్చోడు_540
అదీ. ముందు వైపే. నీ బండికి ముందు హబ్బు మధ్యలో చేత్తో తిప్పే డయల్ ఉందా?

చింతపల్లి_కాఫీ
డయల్ లేదు. ఆరు బోల్టులున్న గుండ్రటి మూత ఉంది, అంతే.

జీప్‌పిచ్చోడు_540
అంటే హబ్ లాకులు (చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) లేవు, ఫిక్స్‌డ్ ఫ్లాంజులు, చక్రం యాక్సిల్ ఎప్పుడూ కలిసే ఉంటాయి. నువ్వు టూ వీల్‌లో పోతున్నా ముందు చక్రాలు యాక్సిల్‌ని తిప్పుతాయి, యాక్సిల్ క్రౌన్‌ని తిప్పుద్ది, క్రౌన్ ముందు షాఫ్టుని తిప్పుద్ది. షాఫ్టు రెండో చివర ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక షాఫ్టులకి తిప్పుడు పంచే పెట్టె) ఎవరికీ తగలకుండా వట్టిగా తిరుగుద్ది. దాని మీద బరువు లేదు. ఎక్కడ కాస్త లూజున్నా గలగలలాడుద్ది. ఫోర్‌వీల్ వేస్తే రెండు చివర్లా పట్టుకుంటారు కాబట్టి నోరు మూసుకుంటది.

నా ఎంఎం 540 జీపుకి హబ్ లాకులున్నాయి. టూ వీల్‌లో హబ్బులు ఫ్రీ చేస్తే ముందు షాఫ్టు నిద్రపోద్ది. నీకు ఆ భాగ్యం లేదు.

వరంగల్_వీరు
నాకైతే ఇంకా ట్రాన్స్‌ఫర్ కేసు మీదనే అనుమానం. లోపల చైన్ ఉంటే సాగి ఉంటది. లేకపోతే బేరింగ్ పోయి ఉంటది. జర ఆయిల్ దించి చూడు, ఇనుప పొట్టు కనబడ్తది.

గేర్‌బాబాయ్
ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా షెడ్డు. రోజంతా గ్రీజులో ఉంటా, రాత్రి ఇవి చదువుతా.

వీరూ, చైన్ సాగితే వేరేలా ఉంటది. ఫోర్‌వీల్ వేసి లోడు పడ్డప్పుడు పళ్లు దాటి టకామని కొడుద్ది, టూ వీల్‌లో ఊరుకుంటది. ఇతనిది సరిగ్గా దానికి ఎదురు. ఆయిల్ చూడమన్నది మాత్రం మంచి మాటే. వాగులు దాటే బండి కదా, నీళ్లు దూరితే ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తది. ఒకసారి లెవెల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడు.

@చింతపల్లి_కాఫీ ఇంక ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకు. ముందు షాఫ్టు విప్పి పక్కన పెట్టి, టూ వీల్‌లో అదే రోడ్డు మీద తిరిగి రా. అరగంట పని.

చింతపల్లి_కాఫీ
@గేర్‌బాబాయ్ షాఫ్టు లేకుండా నడపొచ్చా? ఆయిల్ కారదా?

గేర్‌బాబాయ్
రెండు చివర్లా నాలుగేసి బోల్టులతో ఫ్లాంజికి (బోల్టులు పట్టే గుండ్రటి బిళ్ల) కట్టి ఉంటే ఏమీ కారదు. కొన్ని బళ్లలో షాఫ్టు మూతి కేసు లోపలికి దూరి ఉంటది, అది లాగితే ఆయిల్ మొత్తం నీ మొహం మీదే. కిందకి దూరి చూడు, బోల్టులు కనపడితే నీ అదృష్టం. చదునులో బండి పెట్టు, వెనక చక్రాలకి రాళ్లు పెట్టు, హ్యాండ్ బ్రేకు లాగు. విప్పే ముందు ఫ్లాంజి మీద, షాఫ్టు మీద ఒక గుర్తు పెట్టుకో. ఏది ఎలా ఉందో అలాగే ఎక్కాలి.

జీప్‌పిచ్చోడు_540
హ్యాండ్ బ్రేకు అంటే గుర్తొచ్చింది. పాత విల్లీస్ రకం జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల షాఫ్టు మీద ఉంటది. వెనక షాఫ్టు విప్పితే హ్యాండ్ బ్రేకు లేనట్టే. మా బాబాయి అలాగే విప్పాడు, జీపు మెల్లగా వెళ్లి పశువుల తొట్టిలో నీళ్లు తాగింది.

డాలస్_డ్రైవర్
ఇక్కడ నాది 1999 జపాన్ పికప్, ఫోర్‌వీల్. సరిగ్గా ఇదే లక్షణం. టూ వీల్‌లో గుర్రు, ఫోర్‌వీల్ బటన్ నొక్కితే నిశ్శబ్దం. నేను షాఫ్టు అనుకుని రెండు శనివారాలు పోగొట్టుకున్నా. చివరికి ముందు డిఫరెన్షియల్‌లో, డ్రైవర్ వైపు యాక్సిల్ బయటికొచ్చే చోట సూదుల బేరింగు అరిగింది. సూదుల బదులు బుష్షు వేస్తే పోయింది, ఇప్పటికి నాలుగేళ్లు. కాబట్టి క్రౌన్ హౌసింగుని కూడా అనుమానించండి.

లెక్కల_మాస్టారు
@డాలస్_డ్రైవర్ మంచి మాట. షాఫ్టు తీసేసినా ఫిక్స్‌డ్ ఫ్లాంజుల వల్ల హౌసింగులో క్రౌన్, పినియన్ తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి షాఫ్టు తీశాక చప్పుడు మిగిలితే హౌసింగో చక్రాల బేరింగులో. పోతే షాఫ్టు, లేదా షాఫ్టు అవతలి చివర కేసులో ఉన్న బేరింగు. ఒకే పరీక్షలో రెండు ముద్దాయిలు విడిపోతారు.

అంబాసిడర్_అల్లుడు
నేను హౌసింగు మీద ఒక టీ పందెం.

కొండరోడ్డు_లక్ష్మి
నేనింకా సైలెన్సర్ రేకు మీదే. ఫోర్‌వీల్ వేస్తే ఆగింది అంటారా, రేకు భయపడి ఊరుకుందేమో.

చింతపల్లి_కాఫీ
ఆదివారం సన్న తుంపర. వరండా ముందు బండి పెట్టి, కాఫీ గోనెసంచి పరుచుకుని కింద దూరా. బోల్టులే ఉన్నాయి, దేవుడు చల్లగా చూశాడు. గుర్తుకి ఏమీ దొరక్క మా ఆవిడ గోళ్ల రంగు తీసుకెళ్లా, ఎరుపు. ఫ్లాంజి మీద ఒక చుక్క, షాఫ్టు మీద ఒక చుక్క. "అది నూటయాభై రూపాయలది" అని పైనుంచి ఒక గొంతు.

ఎనిమిది బోల్టుల్లో ఆరు మామూలుగా వచ్చాయి, రెండు తుప్పు పట్టి స్పానరుకి పైపు తొడిగితే గానీ కదల్లేదు. ముప్పావు గంట పట్టింది.

షాఫ్టు లేకుండా వెళ్లొచ్చా. 35. 40. 45. 50. ఏమీ లేదు! బండి కొన్నప్పటి నుంచి ఇంత నిశ్శబ్దంగా లేదు. ఎప్పట్నుంచో మోగుతున్న రేడియో కూడా ఇవాళే వినపడింది.

జీప్‌పిచ్చోడు_540
షాఫ్టే! ముందు క్రాసులు అరిగిపోయాయి, రెండూ మార్చెయ్.

వరంగల్_వీరు
కేసు లోపలి బేరింగు కూడ అయ్యుండొచ్చు గదా. షాఫ్టు బరువు లేకపోతే అది గూడ మోగది.

చింతపల్లి_కాఫీ
@వరంగల్_వీరు కేసు ఫ్లాంజి పట్టుకుని పైకి కిందకి ఊపి చూశా, ప్లే లేదు. సీల్ దగ్గర తడి కూడా లేదు. ఆయిల్ కూడా వేలు పెట్టి చూశా, తేనెలాగే ఉంది.

@జీప్‌పిచ్చోడు_540 ఇక్కడే తికమక. షాఫ్టుని రెండు ఇటుకల మీద పెట్టి క్రాసులు నాలుగు వైపులా తిప్పా. ఎక్కడా పట్టట్లేదు, లూజు లేదు. కప్పుల దగ్గర ఎర్ర పొడి కూడా లేదు. మధ్యలో స్లిప్ జాయింటులో (షాఫ్టు పొడవు తగ్గి పెరగడానికి ఒక ముక్క ఇంకో దాంట్లో జారే చోటు) మాత్రం కొంచెం ఆడుతోంది, మెలితిప్పితే టిక్ టిక్ అంటోంది, గోరు మందం.

జీప్‌పిచ్చోడు_540
మరి స్లిప్ జాయింటు స్ప్లైన్లు (జారే చోట ఉండే పొడవాటి పళ్లు) అరిగాయి. లేత్ షాపుకి తీసుకెళ్లి కొత్తది వేయించు.

గేర్‌బాబాయ్
ఆగండాగండి. గోరు మందం ఆడటం 1,86,000 తిరిగిన బండికి మామూలే. అది గలగలలాడొచ్చు గానీ ఇంత గోల చెయ్యదు. దాన్ని ఎవరో ఊపుతున్నారు.

బాబూ, షాఫ్టుని ఇటుకల మీదే ఉంచి ఒక చివర నుంచి కన్నేసి చూడు. ఈ చివర యోక్‌కి రెండు చెవులుంటాయి, క్రాసుని పట్టుకునేవి. ఆ చివరా రెండు చెవులు. షాఫ్టు గొట్టానికి అంటుకుని ఉన్నవే చూడు, ఫ్లాంజివి కాదు. ఈ చివరవి నిలువుగా పెడితే ఆ చివరవి ఎలా ఉన్నాయి?

చింతపల్లి_కాఫీ
ఇటువి నిలువు. అటువి అడ్డం.

గేర్‌బాబాయ్
పూర్తిగా అడ్డమా, కొంచెం పక్కకా?

చింతపల్లి_కాఫీ
పూర్తిగా. పెద్దోడి చేత కూడా చూపించా. కూడిక గుర్తులా ఉంది నాన్నా అన్నాడు.

గేర్‌బాబాయ్
పిల్లోడికి చాక్లెట్ కొనిపెట్టు.

అంబాసిడర్_అల్లుడు
అర్థం కాని వాళ్ల కోసం ఎవరైనా తెలుగులో చెప్పండి.

లెక్కల_మాస్టారు
నేను చెబుతాను. క్రాసు వంగి తిరుగుతున్నప్పుడు అవతలి ముక్క ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఎంత వంగితే అంత ఎక్కువ. అందుకే షాఫ్టుకి రెండో చివర ఇంకో క్రాసు పెడతారు, మొదటిది ఉరికినప్పుడు రెండోది వెనక్కి లాగి సరిచేస్తుంది. రెండు చివర్ల చెవులు ఒకే గీతలో ఉంటేనే ఆ సర్దుబాటు. తొంభై డిగ్రీలు తిరిగిపోయాయంటే ఒకటి ఉరికినప్పుడు రెండోది కూడా ఉరుకుతుంది. తప్పు కొట్టేసుకోదు, రెట్టింపవుతుంది.

ముందు వేసిన లెక్క చూడండి. 40లో షాఫ్టు సెకనుకు 20 చుట్లు, చుట్టుకి రెండు ఉరుకులు, అంటే సెకనుకు 40 కుదుపులు. వట్టిగా వేలాడుతున్న షాఫ్టు, గోరు మందం లూజున్న స్ప్లైన్లు, వాటిని సెకనుకు 40 సార్లు ఊపితే డబ్బాలో శనగలే.

డాలస్_డ్రైవర్
ఒక్క నిమిషం. వెంటనే తిప్పెయ్యకండి. 80 సిరీస్ ల్యాండ్‌క్రూజర్‌లో ముందు షాఫ్టు కంపెనీ నుంచే చెవులు పక్కకు తిరిగి వస్తుంది, రెండు చివర్ల కోణాలు సమానంగా ఉండవు కాబట్టి. ఇక్కడ చాలామంది "తప్పుగా ఉంది" అని సరిచేసి కొత్త అదురు తెచ్చుకున్నారు. ఈ బండికి ఎలా ఉండాలో ముందు తేలాలి.

జీప్‌పిచ్చోడు_540
ఇది ల్యాండ్‌క్రూజర్ కాదు గురూ, క్యాంపర్.

గేర్‌బాబాయ్
డాలస్ బాబు చెప్పింది కొట్టెయ్యకండి, అడగాల్సిన మాటే అడిగాడు. తేలే దారి ఉంది. స్లిప్ జాయింటు దగ్గర మట్టి, పాత గ్రీజు డీజిల్‌తో కడిగి బ్రష్ కొట్టు. గొట్టం మీద ఒకటి, యోక్ మీద ఒకటి బాణం గుర్తులో, పంచ్ చుక్కలో ఉంటాయి. కంపెనీ బ్యాలెన్స్ చేసినప్పుడు పెట్టినవి. అవి ఎదురెదురుగా ఉంటే అలాగే వదిలెయ్. లేకపోతే ఎవడో విప్పి తప్పు కట్టాడు.

చింతపల్లి_కాఫీ
కడిగా. మూడు పొరల మట్టి కింద యోక్ మీద చిన్న బాణం. గొట్టం మీద బాణం కోసం చుట్టూ తిప్పితే పావు చుట్టు అవతల దొరికింది. సరిగ్గా పావు చుట్టు.

వరంగల్_వీరు
ఓరి వీని

కొండరోడ్డు_లక్ష్మి
రేకు కాదన్నమాట. సరే, ఒప్పుకున్నాను.

గేర్‌బాబాయ్
ఇప్పుడు అసలు సంగతి. పైన వీరుకి జవాబిస్తూ ఒక ముక్క రాశావు, ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా దాటేశా. క్లచ్ సెట్టు జూలైలో వేయించానన్నావు. క్లచ్ వెయ్యాలంటే గేర్‌బాక్సు దించాలి. గేర్‌బాక్సు దించాలంటే రెండు షాఫ్టులూ విప్పాలి. చప్పుడు ఎప్పట్నుంచి?

చింతపల్లి_కాఫీ
ఆగస్టు. జూలై నెలాఖరున బండి ఇంటికొచ్చింది. అప్పుడు ఒకటే వాన, మూడు వారాలు తోటలోనే, అంతా ఫోర్‌వీల్, నడక స్పీడు. ఆగస్టు పదిహేను తర్వాత నర్సీపట్నం దిగినప్పుడు మొదటిసారి విన్నా. అందుకే క్లచ్‌కీ దీనికీ ముడి పెట్టలేదు. అబ్బా.

టైరు_మీద_తారు
అంటే 18,000 పెట్టి బాగున్న వెనక క్రాసులు పీకించుకున్నావ్.

చింతపల్లి_కాఫీ
@టైరు_మీద_తారు గుర్తు చెయ్యకు.

గేర్‌బాబాయ్
ఎక్కించే పద్ధతి: యోక్ లాగు, స్ప్లైన్లు డీజిల్‌తో కడుగు, ఆరబెట్టు, గ్రీజు రాయి, బాణాలు ఎదురెదురుగా పెట్టి తొయ్యి. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) లోంచి గన్ను కొట్టేటప్పుడు ఆశపడకు. స్లిప్ జాయింటులో గ్రీజు కుక్కేస్తే షాఫ్టు పొట్టిగా అవ్వాల్సినప్పుడు అవ్వదు, గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బ కేసు బేరింగుకి తగులుద్ది. క్రాసులకి మాత్రం నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు కనపడేదాకా కొట్టు. ఒక్క కప్పులో రాకపోయినా ఆ క్రాసు ఎండిపోతున్నట్టే.

నీ గోళ్ల రంగు చుక్కలు ఫ్లాంజిల దగ్గరే ఉంచు, అవి తప్పు కాదు. తప్పు మధ్యలో ఉంది.

కొండరోడ్డు_లక్ష్మి
బోల్టులు పాతవే వేస్తావా? ఆ రెండు తుప్పువి పారేసి కొత్తవి తెచ్చుకో. షాఫ్టు బోల్టు ఘాట్లో ఊడితే ఏటవుతాదో నేను చూశాను, చెప్పను.

చింతపల్లి_కాఫీ
ఎనిమిదీ కొత్తవే తెచ్చా అక్కా, నట్లతో సహా. రేపు ఎక్కిస్తా.

నల్లమల_నాని
ఏమైంది, రెండ్రోజులైంది

అంబాసిడర్_అల్లుడు
షాఫ్టు కింద పడుకుని ఉంటాడు, లేపకండి.

చింతపల్లి_కాఫీ
కరెంటు లేక ఫోను చార్జింగ్ లేదు. ఎక్కించా. నర్సీపట్నం దాకా దిగి వచ్చా, బండిలో నాలుగు బస్తాల మిరియాలు.

గరగర పోయింది. 42 దగ్గర చెవి పెట్టి వింటే చాలా సన్నగా టిర్ర్ అని ఒక్క రెండు సెకన్లు ఉంది, అది స్ప్లైన్ల లూజనుకుంటా. మా ఆవిడకి వినపడలేదు, పెద్దోడికి వినపడలేదు, నాకే వినపడుతోంది. రెండు నెలలు వినీ వినీ చెవి పాడైందేమో.

ఖర్చు: బోల్టులు 240, గ్రీజు 180.

క్లచ్ వేసినాయన షెడ్డు దారిలోనే. ఆగి చెప్పా, గొడవ పడలేదు. బాణాల ఫోటో చూపించా. ఫోటో పెద్దది చేసి, చిన్నది చేసి చూసి, "ఎటు పెట్టినా ఎక్కింది కదా సార్" అన్నాడు.

గేర్‌బాబాయ్
ఎక్కుద్ది. అదే దాంతో వచ్చిన చిక్కు. స్ప్లైన్లు ఏ పన్ను దగ్గరైనా ఎక్కుతాయి. మా షెడ్డులో కొత్త కుర్రాడు చేరితే స్పానరు కంటే ముందు చేతిలో పంచ్, సుత్తి పెడతా.

మిగిలిన టిర్ర్‌ని కోత అయ్యేదాకా వదిలెయ్. ఫిబ్రవరి తర్వాత స్లిప్ యోక్ కొత్తది వేసుకుని, షాఫ్టు మొత్తం బ్యాలెన్సింగ్ చేయించు.

వరంగల్_వీరు
నా క్లచ్ ముచ్చట తప్పైంది గని, క్లచ్ దగ్గర్నే మొదలైంది చూడున్రి. సగం మార్కులన్న ఇయ్యాలె.

లెక్కల_మాస్టారు
పావు మార్కు. పావు చుట్టుకి పావు.

డాలస్_డ్రైవర్
@అంబాసిడర్_అల్లుడు హౌసింగు మీద టీ పందెం కాసినట్టున్నావ్.

అంబాసిడర్_అల్లుడు
విశాఖ వస్తే తాగిస్తా. డాలస్ నుంచి టీకి రాలేవనే ధైర్యం.

టైరు_మీద_తారు
@చింతపల్లి_కాఫీ బాగున్న వెనక క్రాసులు, సెంటర్ బేరింగు పారేశావా? నాక్కూడా క్యాంపరే, పంపితే కొరియర్ డబ్బులిస్తా.

చింతపల్లి_కాఫీ
పారెయ్యలేదు, వెనక సీటు కింద అట్టపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. ఆ టిర్ర్ అవే.